లోడీ కాలనీ పూసల దండ

న్యూఢిల్లీ:

లోడీ తోటలకు దక్షిణాన, రహదారి దాటగానే, కమాను వాకిళ్ళతో వరుసగా నిలిచిన పాత ప్రభుత్వ నివాసాలు కనిపిస్తాయి. ఇదే లోడీ కాలనీ. ఆంగ్లేయులు వెళ్ళిపోవడానికి ముందు, 1940 దశకంలో, సచివాలయ ఉద్యోగుల కోసం కట్టించిన వాడ. ఇటీవలి సంవత్సరాలలో ఆ గోడలపై దేశవిదేశాల చిత్రకారులు నిలువెత్తు బొమ్మలు వేశారు. సెలవు రోజులలో యువతీయువకులు వాటిముందు నిలబడి ఫోటోలు తీసుకుంటూ ఉంటారు. ఏనుగులు, పక్షులు, కమలాలు, మబ్బులు అన్నీ ఉన్నాయి. ఒకనాడు భారత ప్రభుత్వం ఈ వాడలోని ఇల్లాండ్ర చేతికి రంగుపూసల దండ ఇచ్చి, జనాభా సమస్యకు పరిష్కారం దానిలో ఉన్నదని చెప్పిన ఉదంతం మాత్రం, ఈ విలేఖరి చూసినంతలో, ఏ గోడపైనా లేదు.

అది 1952 నాటి మాట. ప్రపంచంలోనే మొట్టమొదటిసారిగా కుటుంబ నియంత్రణను ప్రభుత్వ కార్యక్రమంగా చేపట్టిన దేశం మనది. మొదటి పంచవర్ష ప్రణాళికలో అందుకోసం 65 లక్షల రూపాయలు కేటాయించారు. అందులో పావువంతు కూడ ఖర్చు కాలేదన్నది వేరే విషయం. అప్పటి కేంద్ర ఆరోగ్య మంత్రిణి రాజకుమారి అమృత కౌర్. కపుర్తలా రాజవంశపు పుత్రిక, అవివాహిత, పదహారేళ్ళపాటు గాంధీజీకి కార్యదర్శిగా పనిచేసిన వ్యక్తి. కృత్రిమ సాధనాలంటే ఆమెకు సరిపడదు. 1935 డిసెంబరులో వార్ధా వచ్చిన మార్గరెట్ సాంగర్‌తో జరిగిన సుదీర్ఘ సంవాదంలో గాంధీజీ సంతాన నిరోధక సాధనాలన్నింటినీ తోసిపుచ్చి, నెలలో కొన్ని దినాలు విడిచి కాపురం చేసే పద్ధతి మాత్రం తనకు మిగిలిన వాటంత వెగటుగా లేదనీ, అందులో కొంతైనా నిగ్రహం ఉన్నదనీ ఒప్పుకున్నారు. రాజకుమారి ఆ సందును పట్టుకున్నారు. రోమన్ కాథలిక్ దేశాల అభ్యంతరాలతో సతమతమవుతున్న ప్రపంచ ఆరోగ్య సంస్థకు కూడ అది అనుకూలంగా కనిపించింది. 1951 అక్టోబరులో పోప్ పన్నెండవ పయస్ ఇటలీ మంత్రసానుల సభలో ప్రసంగిస్తూ, బలమైన కారణాలున్నప్పుడు దంపతులు ఈ దినాల లెక్కను పాటించవచ్చునని అన్నారు. రోమూ, సేవాగ్రామమూ ఒకేచోట కలిసిన అరుదైన సందర్భాలలో ఇదొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అమెరికా వైద్యుడు అబ్రహాం స్టోన్‌ను ఇక్కడికి పంపింది. ప్రయోగానికి రెండు స్థలాలు ఎన్నుకున్నారు: రాజధానిలో లోడీ కాలనీ, మైసూరు రాష్ట్రంలో రామనగరం. కొండరాళ్ళ నడుమ 'షోలే' చిత్రం తీసిన ఊరుగా తర్వాత పేరు పొందిన రామనగరమే అది. 1930లోనే ప్రభుత్వ ఆసుపత్రులలో సంతాన నిరోధ కేంద్రాలు తెరిపించిన సంస్థానం గనుక మైసూరును ఎన్నుకోవడంలో అసందర్భమేమీ లేదు.

పద్ధతి తాలూకు శాస్త్రం క్లుప్తంగా చెప్పుకోవాలి. స్త్రీ అండాశయం నుండి నెలకొక అండం విడుదల అవుతుంది. అది జీవించి ఉండేది ఒక్క రోజు, ఒక్కొక్కప్పుడు అంత కూడ కాదు. పురుషబీజం స్త్రీ శరీరంలో అయిదు రోజులవరకు నిలిచి ఉండగలదు. కనుక గర్భం నిలిచే అవకాశం ఉన్నది నెలలో ఆరు దినాలు మాత్రమే. ఆ ఆరు దినాలు ఎప్పుడన్నదే చిక్కు. అండం విడుదలయ్యేది రాబోయే బహిష్టుకు రమారమి పద్నాలుగు దినాలు ముందు అని 1920 దశకంలో జపానులో ఒగీనో, ఆస్ట్రియాలో క్నాస్ అనే ఇద్దరు వైద్యులు వేర్వేరుగా కనుగొన్నారు. రాబోయే బహిష్టుకు ముందు అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. గడిచిన బహిష్టు నుండి పద్నాలుగవ దినం అని చాలమంది చదువుకున్నవారు కూడ పొరబడతారు. నెల తప్పకుండ ఇరవైఎనిమిది దినాలకు వచ్చే స్త్రీకి రెండూ ఒకటే. అందరికీ అలా రాదు. జ్వరం వచ్చినా, దిగులు పడినా, పాలిచ్చే తల్లి అయినా, నలభై దాటినా లెక్క జరుగుతుంది. అందుకని కొన్ని నెలలపాటు తేదీలు వ్రాసిపెట్టుకుని, అతి చిన్న చక్రం నుండి పద్ధెనిమిది, అతి పెద్ద చక్రం నుండి పదకొండు తీసివేయాలన్నారు. ఇరవైఆరు మొదలు ముప్పైఒకటివరకు మారే స్త్రీ ఎనిమిదవ దినం నుండి ఇరవయ్యవ దినంవరకు జాగ్రత్తగా ఉండాలన్న మాట. ఆరు దినాల అపాయానికి పదమూడు దినాల కాపలా.

ఈ తీసివేతలు అందరికీ సాధ్యం కావని గ్రహించిన స్టోన్ పూసల దండ తయారు చేయించాడు. నారింజ పూసలు బహిష్టు దినాలు, పచ్చవి నిశ్చింత దినాలు, ఎర్రవి ఆగవలసిన దినాలు. రోజుకొక పూస జరపాలి. వినడానికి ఎంత సులభంగా ఉన్నది! ఆచరణలో అవాంతరాలు ఒకటొకటిగా బయటపడ్డాయి. చీకటిలో ఎరుపేదో పచ్చేదో తెలియడం లేదన్నారు. దీపాలు లేని ఇళ్ళ సంగతి సలహాదారులకు తట్టలేదు కాబోలు. వెంటనే పూసల ఆకారాలు మార్చారు, తడిమి చూసి తెలుసుకొనేటట్లు. పూసలు వెనక్కు జరుగుతున్నాయన్నారు. ముందుకే కదిలేటట్లు కొక్కెం పెట్టారు. ఆ దండను మెడలో వేసుకుని నలుగురిలో తిరగడం సిగ్గుచేటన్నారు. పూస జరిపితే చాలు గర్భం రాదనుకున్నవారు కొందరు, దండకే ఏదో మహిమ ఉన్నదని నమ్మినవారు కొందరు. మన ప్రాంతంలో పెళ్ళైన స్త్రీ మెడలో నల్లపూసలు ఎలాగూ ఉంటాయి. అవి భర్త ఆయుస్సు కోసం అయినప్పుడు ఇవి సంతానం కోసం ఎందుకు కాకూడదు? వారి తర్కంలో లోపం లేదు. మొదట ఉత్సాహం చూపినవారు ఎందరో. చివరికి నిలకడగా పాటించినవారు అతి స్వల్పం. కొద్ది సంవత్సరాలలోనే ప్రభుత్వం పూసలను పక్కన పెట్టింది.

నాటి నుండి నేటివరకు కుటుంబ నియంత్రణ చరిత్ర వ్రాసినవారిలో ఈ ఘట్టం వద్ద ఒక చిరునవ్వు నవ్వని వారు అరుదు. అమాయకపు ఆడవాళ్ళు, విచిత్రపు పూసలు. ఈ విలేఖరి కూడ చాలకాలం ఆ నవ్వులో పాలుపంచుకున్నవాడే. నిదానించి చూస్తే ఆ నవ్వు ఎవరిమీదనో తేల్చుకోవలసి ఉన్నదనిపిస్తుంది.

ఈ వ్యాసకర్త పుట్టి పెరిగిన తెలుగు ఇంట్లో, చిన్ననాట, ఆ మూడు దినాలు అమ్మ పెరటి వసారాలో ఉండేది. చాప వేరు, చెంబు వేరు. ఎందుకని అడిగితే కాకి ముట్టుకుందన్నారు. ఏ రోజున కూర్చున్నదీ, ఏ రోజున తలస్నానం చేసినదీ మా నాయనమ్మకు తెలుసు, పనిమనిషికి తెలుసు, పక్కింటివారికి తెలుసు. అంటే చక్రంలోని మొదటి మూడు నాలుగు దినాలను ఊరంతా లెక్కపెట్టేది. మిగిలిన ఇరవై నాలుగింటిని లెక్కపెట్టినవారు ఒక్కరూ లేరు. శరీరపు పంచాంగంలో మైల మాత్రమే నమోదైంది, తక్కినదంతా ఖాళీ. పైపెచ్చు, మన శాస్త్రకారులు ఋతుకాలమని చెప్పినది వేరు. మనుస్మృతి లెక్కలో అది పదహారు రాత్రులు. అందులో మొదటి నాలుగూ, పదకొండవదీ, పదమూడవదీ నిషిద్ధాలు. సరి రాత్రులలో కొడుకులు, బేసి రాత్రులలో కూతుళ్ళు. సంతానం కావాలనుకొనేవారి కోసం చెప్పిన లెక్క గనుక ఋతుస్నానం కాగానే గర్భానికి యోగ్యమైన కాలం మొదలవుతుందన్న భావం తరతరాలుగా పాతుకుపోయింది. నేటికీ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, నెలలో ఏ దినాలలో గర్భం నిలిచే అవకాశం ఎక్కువ అని అడిగితే, రెండు బహిష్టుల నడిమధ్యన అని సరిగా చెప్పేవారు తక్కువ. బహిష్టు ముగిసిన వెంటనే అని జవాబు చెప్పేవారు తక్కువేమీ కాదు. నిశ్చింత దినాలను భయపడి విడిచిపెట్టి, ప్రమాద దినాలను ధైర్యంగా గడిపే దంపతులకు దేవుడే దిక్కు. ఈ భ్రమను ముందుగా తొలగించకుండ పూసలు పంచడం, అక్షరాలు నేర్పకుండ పుస్తకం చేతికివ్వడమే. 1952లో విఫలమైనది స్త్రీల తెలివి కాదు, నేర్పినవారి ఓపిక.

అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. దండ ఇచ్చింది భార్యకు. ఎర్రపూస వచ్చిన రాత్రి ఆగవలసింది భర్త. లూప్ వేయించుకున్న స్త్రీ ఇంట్లో చెప్పకపోయినా దాని పని అది చేస్తుంది. మాత్ర మింగినా అంతే. ఈ పద్ధతి ఒక్కటే ఇద్దరి సమ్మతి లేకుండ ఒక్క దినం కూడ నడవదు. వద్దు అన్న భార్య మాటకు విలువ ఉన్న ఇంట్లోనే అది పద్ధతి, లేని ఇంట్లో అది ఉత్త పూసల దండ. లోడీ కాలనీలోని భర్తలందరూ ప్రభుత్వోద్యోగులే. పొద్దున పది గంటలకు దస్త్రాల ముందు కూర్చునేవారే. వారిని కూర్చోబెట్టి విషయం చెప్పడం ప్రభుత్వానికి కష్టం కాకూడదు. అయినా కార్యక్రమం భార్యల చుట్టూనే ప్రదక్షిణం చేసింది. పురుషుడితో మాట్లాడడం మన ఆరోగ్యశాఖకు ఆనాడు చేతకాలేదు. అతనితో మాట్లాడిన ఒకే ఒక్క సందర్భంలో మాటకు బదులు బలప్రయోగం జరిగింది.

ఆ సందర్భం పాఠకులకు తెలిసినదే. 1960 దశకంలో లూప్ వచ్చింది, నిరోధ్ వచ్చింది, ఎర్ర త్రికోణం గోడగోడకూ ఎక్కింది. రాజమండ్రిలో పుట్టిన జనాభా శాస్త్రవేత్త డాక్టర్ శ్రీపతి చంద్రశేఖర్ 1967లో కేంద్ర మంత్రి అయి, ఆపరేషన్ల ఉద్యమానికి కొత్త ఊపు తెచ్చారు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976 ఏప్రిల్‌లో, కరణ్ సింగ్ జనాభా విధానం ప్రకటించారు. 1976-77 సంవత్సరంలో జరిగిన కు.ని. ఆపరేషన్లు 82 లక్షల పైచిలుకు. అందులో మూడువంతులు పురుషులకు చేసినవి. ఎన్నికలలో ప్రజల తీర్పు వచ్చింది. జనతా ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రి అయిన రాజ్ నారాయణ్ శాఖ పేరులోని నియంత్రణను సంక్షేమంగా మార్చారు. మరుసటి సంవత్సరం ఆపరేషన్లు పది లక్షల లోపుకు పడిపోయాయి. పేరు మారినంత మాత్రాన విధానం మారలేదు గాని, రాజకీయ నాయకులు ఒక పాఠం నేర్చుకున్నారు: మగవాడి జోలికి పోరాదు. నాటి నుండి కత్తి పూర్తిగా స్త్రీవైపు తిరిగింది. 2019-21 సర్వేలో దేశంలోని వివాహిత స్త్రీలలో నూటికి 38 మంది ఆపరేషన్ చేయించుకున్నవారు. భర్తకు ఆపరేషన్ జరిగిన దంపతులు వెయ్యికి మూడు జంటలు.

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒక శిబిరంలో ఒకే వైద్యుడు కొన్ని గంటలలో ఎనభై మందికి పైగా స్త్రీలకు ఆపరేషన్లు చేసిన తర్వాత పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఆ దరిమిలా, 2016 సెప్టెంబరులో సుప్రీం కోర్టు మూడేళ్ళలో శిబిరాల పద్ధతికి స్వస్తి చెప్పవలసిందిగా ఆదేశించింది. ఒక దినాన్ని లెక్కపెట్టడం నేర్పడానికి ఓపిక లేని యంత్రాంగం, ఒక దినంలో ఎనభై కడుపులు కోయడానికి మాత్రం వెనుదీయలేదు.

ఇంతకూ పద్ధతి పనిచేస్తుందా? ఇక్కడ సహజ పద్ధతుల పక్షపాతులూ, వ్యతిరేకులూ సమానంగా అతిశయోక్తికి పాల్పడుతుంటారు. 1979లో నోబెల్ బహుమతి అందుకున్న సందర్భంగా ఓస్లోలో మదర్ థెరీసా, ఈ పద్ధతి నేర్పడంవల్ల ఒక్క కలకత్తాలోనే ఆరేళ్ళలో 61,273 జననాలు తగ్గాయని ప్రకటించారు. పుట్టని బిడ్డలను చివరి అంకెవరకు ఎలా లెక్కించారో మనబోటివారికి అంతుబట్టదు. సుమారుగా అదే కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాలలో పరిశీలన జరిపించింది. అందులో బెంగుళూరు కూడ ఒకటి. ఈసారి తేదీల లెక్క కాదు, ఆస్ట్రేలియాకు చెందిన బిల్లింగ్స్ దంపతులు రూపొందించిన పద్ధతి. గర్భాశయ ముఖద్వారం నుండి వచ్చే స్రావంలో అండం విడుదలకు ముందు కలిగే మార్పును స్త్రీ స్వయంగా గుర్తించడం దాని సారాంశం. ఫలితం రెండు విధాలుగా వచ్చింది. చదువుతో నిమిత్తం లేకుండ నూటికి 93 మంది స్త్రీలు మొదటి నెలలోనే ఆ మార్పును గుర్తించి నమోదు చేయగలిగారు. అయినా సంవత్సరం తిరిగేసరికి నూటికి ఇరవైమంది పైచిలుకు గర్భవతులయ్యారు. నియమం తప్పకుండ పాటించినవారిలో నూటికి ముగ్గురే. తెలియక కాదు, తెలిసీ ఆగలేక లేదా ఆపలేక అన్న మాట. లోడీ కాలనీ కథే మళ్ళీ ఎదురైంది, ఈసారి అంకెలతో సహా.

పూసలు కూడ మళ్ళీ వచ్చాయి. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం వారు చక్రం 26 నుండి 32 దినాల మధ్య ఉండే స్త్రీల కోసం లెక్కను మరింత సులభం చేశారు. ఎనిమిదవ దినం నుండి పంతొమ్మిదవ దినంవరకు జాగ్రత్త, తక్కిన దినాలు నిశ్చింత. ముప్పైరెండు పూసల దండ. ఎర్రపూస ఒకటి బహిష్టు మొదటి దినానికి, తెల్లపూసలు పన్నెండు జాగ్రత్త దినాలకు, మిగిలినవి గోధుమరంగు. పూసలు జరపనక్కరలేదు, ఒక రబ్బరు ఉంగరం జరిపితే చాలు. తెలుపు చీకటిలో కూడ మెరుస్తుంది. యాభై ఏళ్ళ తర్వాతనైనా ఎవరో దీపం లేని గదిని తలచుకున్నారన్న మాట. బొలీవియా, పెరూ, ఫిలిప్పీన్స్ దేశాలలో పరీక్షించి 2002లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, సరిగా పాటిస్తే సంవత్సరంలో నూటికి అయిదుగురు, మామూలు మనుషుల మామూలు అలవాట్లతో నూటికి పన్నెండుమంది గర్భం దాలుస్తారు. నిరోధ్ వాడే జంటలలోనూ మామూలు వాడకంలో ఈ సంఖ్య పదికి పైబడే ఉంటుంది. మన దేశంలో ఇది మాలాచక్ర అనే పేరుతో ఝార్ఖండ్‌లో ప్రభుత్వ కార్యక్రమం వరకు వెళ్ళింది. అక్కడ భర్తలను కూడ కలుపుకుని చెప్పవలసిన అవసరాన్ని గుర్తించారు. ఆశ్చర్యమేమిటంటే దిల్లీలో ఆ ప్రయోగం గురించి మాట్లాడేవారు ఎవరూ లేరు. బహుశా ఒక దండకు ఒకసారి నవ్వినవారు రెండవ దండవైపు చూడడానికి జంకుతారు.

ఈ పద్ధతి చదువురాని వారి చేతిలో చెల్లదు, చదువుకున్నవారికి అక్కరలేదు అనే వాదం తరచు వినిపిస్తుంది. వాస్తవం తద్విరుద్ధంగా ఉన్నది. మన పొరుగున శ్రీలంకలో 1987 సర్వేలో సంతానాన్ని నియంత్రించుకుంటున్న దంపతులలో దాదాపు మూడవవంతు సాంప్రదాయ పద్ధతులమీదనే ఆధారపడ్డారు. అందులో దినాల లెక్కదే పెద్ద వాటా. ఆ దేశంలో స్త్రీవిద్య ఆనాటికే మనకంటె ఎంతో ముందున్నది, కాన్పుల సంఖ్య ఎంతో తక్కువ. మన దేశంలోనే కలకత్తా వంటి నగరాలలో బాగా చదువుకున్న కుటుంబాలు దినాల లెక్కనూ, ఎడంగా ఉండడాన్నీ, అవసరమైనప్పుడు నిరోధ్‌నూ కలిపి వాడుకుంటాయని జనాభా శాస్త్రవేత్త అలకా బసు వ్రాశారు. వారు ఆపరేషన్ బల్ల ఎక్కరు. లెక్క తప్పితే ఆదుకోవడానికి 1971 గర్భస్రావ చట్టం ఉన్నది, నమ్మకమైన వైద్యురాలు ఉన్నది, వెళ్ళడానికి డబ్బు ఉన్నది. పద్ధతిలోని ప్రమాదాన్ని భరించగల స్తోమత ఉన్నవారికి అది స్వేచ్ఛ. ఆ స్తోమత లేనివారికి దానిని ఒంటరిగా అంటగట్టడం అన్యాయమే. రాజకుమారి అమృత కౌర్ పొరపాటు ఇక్కడ ఉన్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఆమె ఈ మార్గాన్ని చూపడం తప్పు కాదు, ఇది ఒక్కటే చూపాలనుకోవడం తప్పు. ఆ తర్వాతి మంత్రులు ఆపరేషన్ ఒక్కటే చూపాలనుకున్నారు. ఏకమార్గ వ్యామోహంలో వారికీ ఆమెకూ భేదం లేదు.

ఇందులో తెలుగువారికి ప్రత్యేకించి పట్టింపు ఉండాలి. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు డెబ్బైమంది, తెలంగాణలో అరవైకి పైగా ఆపరేషన్ చేయించుకున్నవారు. మిగిలిన అన్ని పద్ధతులూ కలిపినా నామమాత్రం. పెళ్ళి, తొలి కాన్పు, మలి కాన్పు, ఆపరేషన్. అనేకమంది స్త్రీలకు ఇదంతా పాతికేళ్ళు నిండకముందే ముగిసిపోతుంది. ఇద్దరు బిడ్డల మధ్య మూడేళ్ళ ఎడం కావాలంటే ఏమి చేయాలో వారికి ఎవరూ చెప్పలేదు. పాలిచ్చే తల్లికి, బిడ్డకు ఆరు నెలలు నిండేవరకు, తల్లిపాలు తప్ప వేరే ఆహారం పెట్టకుండ, బహిష్టు తిరిగి రాకుండ ఉన్నంతకాలం గర్భం వచ్చే అవకాశం నూటికి రెండుకు మించదని 1988లో ఇటలీలోని బెలాజియోలో సమావేశమైన నిపుణులు తేల్చారు. మన పల్లెల ముసలమ్మలకు సగం తెలిసిన సత్యమే ఇది. ఆ మిగిలిన సగం, అంటే మూడు షరతులలో ఏ ఒక్కటి తప్పినా రక్షణ తప్పుతుందన్నది తెలియక, ఎడపిల్లలు పుట్టని ఇల్లు ఉన్నదా?

ఇప్పుడు గాలి ఎదురుదిశకు తిరిగింది. ఇద్దరికంటె ఎక్కువ సంతానం ఉన్నవారు స్థానిక సంస్థలకు పోటీ చేయరాదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. దక్షిణాది జనాభా తగ్గుతున్నదనీ, నియోజకవర్గాల పునర్విభజనలో స్థానాలు తగ్గుతాయనీ ముఖ్యమంత్రులే పిల్లల్ని కనండని పిలుపునిస్తున్నారు. నిన్నటివరకు చాలన్నవారు నేడు చాలదంటున్నారు. పార్లమెంటు సెంట్రల్ హాలు కబుర్లలో స్త్రీ గర్భం ఏనాడూ ఒక అంకెగానే ఉన్నది, కూడికో తీసివేతో సమయాన్ని బట్టి. సంతానం కోసం ఆసుపత్రుల చుట్టూ తిరిగే యువ దంపతులు హైదరాబాదు, విజయవాడలలో పెరుగుతున్నారు. వారికి మొదట చెప్పవలసిన సంగతి కూడ ఆ పన్నెండు తెల్లపూసల సంగతే. వద్దనుకొనేవారికీ కావాలనుకొనేవారికీ పనికివచ్చే విజ్ఞానం ఇది. ప్రభుత్వపు మాట మారినా దీని మాట మారదు.

నగరాలలో చదువుకున్న అమ్మాయిలు దండ లేకుండనే, సెల్‌ఫోన్‌లో తేదీలు నమోదు చేసుకుంటున్నారు. ఫోనే లెక్క కట్టి చెబుతుంది. అందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, గత నెలల సగటును బట్టి యంత్రం చేసేది ఊహ మాత్రమే, ఈ నెల ఆమె శరీరంలో జరిగేది దానికి తెలియదు. గర్భనిరోధానికి దానినే నమ్ముకోవడం 1952 నాటి నమ్మకానికి దగ్గరగానే ఉంటుంది. రెండవది, ఆ తేదీలు ఆమె దగ్గరే ఉండవు. 2022 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు గర్భస్రావ హక్కును రద్దు చేసినప్పుడు, తమ నెలసరి వివరాలు పోలీసులకు చిక్కుతాయన్న భయంతో అక్కడి స్త్రీలు ఎందరో అటువంటి నమోదులను చెరిపివేశారు. మన పార్లమెంటు 2023 ఆగస్టులో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. మణిపూర్ విషయమై గందరగోళం మధ్యన, పెద్ద చర్చ లేకుండ, రెండు సభలూ మూడు రోజుల వ్యవధిలో దాటించాయి. ఆరోగ్య సమాచారానికి వేరుగా గట్టి రక్షణ కల్పించే వర్గీకరణ ఆ చట్టంలో లేదు. వసారాలో చాప వేసి ఊరికి చాటిన కాలం పోయి, కంపెనీకి చాటే కాలం వచ్చిందన్న మాట.

చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ మాత్రలు, నిరోధ్‌లు చేరవేస్తున్నారు. 2017 నుండి అంతర ఇంజెక్షనూ, వారానికొకటి వేసుకొనే ఛాయ మాత్రా ప్రభుత్వ కార్యక్రమంలో చేరాయి. వాటితోపాటు, వాటికి బదులుగా కాదు సుమా, ఒక గంట పాఠం చేరాలి. నెల అంటే ఏమిటి, ఏ దినాలలో ఏమి జరుగుతుంది, ఎవరి లెక్క నమ్మరానిది, పద్ధతి ఎంతవరకు కాపాడుతుంది, ఎక్కడ కాపాడదు. పదిమందిలో ఒకరిద్దరు తప్పుతారన్న మాటను దాచకుండ చెప్పాలి. ఆ పాఠం తొమ్మిదవ తరగతిలో ఆడపిల్లలతోపాటు మగపిల్లలకూ చెప్పాలి. ఆ అధ్యాయం రాగానే మగపిల్లలను ఆటస్థలానికి పంపివేసే ఉపాధ్యాయులు నేటికీ ఉన్నారు. పెళ్ళైన కొత్తలో జంటను కలిపి కూర్చోబెట్టి మరొకసారి చెప్పాలి. నవదంపతులకు ప్రభుత్వం కొన్ని రాష్ట్రాలలో 'నయీ పహల్' పేరిట ఒక సంచి ఇస్తున్నది. అందులో నిరోధ్‌లు, మాత్రలు, అద్దం, దువ్వెన, చేతిరుమాళ్ళు ఉంటాయి. ముప్పైరెండు పూసలకు అందులో చోటు చాలకపోదు.

పార్లమెంటు ప్రశ్నోత్తరాల కాగితాలలో ఆరోగ్యశాఖ జవాబులు ఈ విలేఖరి ఎన్నో ఏళ్ళుగా చదువుతున్నాడు. రాష్ట్రాలవారీ పట్టికలుంటాయి. స్త్రీల ఆపరేషన్లు ఒక గడి, పురుషుల ఆపరేషన్లు ఒక గడి, కాపర్-టీలు ఒక గడి, ఇంజెక్షన్లు ఒక గడి. భార్యాభర్తలిద్దరికీ కలిపి ఎందరికి చెప్పారన్న గడి ఇంతవరకు కనిపించలేదు. ఆ ప్రశ్న అడిగిన సభ్యుడు కూడ కనిపించలేదు. తెలుగు రాష్ట్రాల నుండి ఉభయ సభలలో కలిపి అరవై మంది ఉన్నారు.